వరి కోసిన మాగాణిలో మొక్కజొన్న: చిక్కంతా నేలలోనే ఉంది

కృష్ణా డెల్టాలో సార్వా (ఖరీఫ్) వరి తర్వాత మినుము చల్లడం తరాలుగా వస్తున్న అలవాటు. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న వరిలోనే విత్తనం వెదజల్లితే, నేలలో మిగిలిన పదునుతోనే (తేమతోనే) పంట గట్టెక్కేది. దుక్కి లేదు, తడి లేదు, ఎరువూ దాదాపు లేదు. ఆ లెక్కను మూడు విషయాలు చెడగొట్టాయి. ఆకులు పసుపు తిరిగే పల్లాకు తెగులు, మొక్కకు చుట్టుకుని రసం పీల్చే బంగారు తీగ కలుపు కలిసి మినుమును ఏటా దెబ్బతీయడం మొదటిది. కాల్వలకు నీళ్లు ఆలస్యంగా రావడంతో నాట్లు ఆగస్టుకు, కోతలు డిసెంబరుకు జరగడం రెండోది. కోత యంత్రాలు రావడం మూడోది. నిలువు వరిలో చల్లిన మినుము మొలకల మీదుగా యంత్రం వెళితే మిగిలేది ఏముంటుంది?

ఆ ఖాళీలోకే మొక్కజొన్న వచ్చింది. పాత గుంటూరు జిల్లాలోని తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర ప్రాంతాల్లో రైతులు దుక్కి దున్నకుండా, వరి మోళ్ల మధ్యే గుంతలు పెట్టి గింజ వేయడం మొదలుపెట్టారు. జీరో టిల్లేజ్ అనే పేరుతో అది చుట్టుపక్కల జిల్లాలకు పాకింది. ఈ గింజకు కొనేవాళ్లూ ఉన్నారు. కోళ్ల దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో ఉంది. 2023 చివరి నుంచి ఇథనాల్ డిస్టిలరీలు కూడా పెద్ద ఎత్తున కొనడం మొదలుపెట్టాయి.

మరి ఒకే ఊళ్లో, ఒకే విత్తనంతో ఒక రైతుకు ఎకరాకు 35 క్వింటాళ్లు, పక్క రైతుకు 18 క్వింటాళ్లు ఎందుకొస్తాయి? కొత్తవాళ్లను ఈ పంటలోకి దించాలనుకునే పథకాలు ఎక్కువగా విత్తన రాయితీ దగ్గరే ఆగిపోతాయి. కానీ తేడా విత్తనంలో కంటే, వరి విడిచి వెళ్లిన నేలను ఎలా వాడుకున్నారన్న దానిలో ఎక్కువగా ఉంది.

దమ్ము చేసిన నేల మొక్కజొన్నకు శత్రువు

వరి కోసం దమ్ము చేసినప్పుడు మట్టి గడ్డలన్నీ విరిగి బురదవుతాయి. దాని కింద, దాదాపు 15 - 20 సెంటీమీటర్ల లోతులో, ఏళ్ల తరబడి ట్రాక్టరు చక్రాలు తొక్కిన గట్టి పొర ఉంటుంది. నీళ్లు కిందికి ఇంకకుండా ఆపే ఆ పొర వరికి వరం, మొక్కజొన్నకు శాపం. వరి వేళ్లకు ఆకుల నుంచి గాలి దింపుకునే ఏర్పాటు ఉంది. మొక్కజొన్నకు అది లేదు. పైగా మొలిచిన మొదటి మూడు వారాలు మొక్క పెరిగే మొన భూమి లోపలే ఉంటుంది. ఆ దశలో రెండు మూడు రోజులు నీళ్లు నిలిస్తే మొక్క చచ్చిపోతుంది. చావకపోతే పసుపు తిరిగి మరుగుజ్జుగా ఉండిపోతుంది. అలాంటి మొక్కకు తర్వాత ఎంత యూరియా వేసినా కండె నిండదు.

అయితే దున్నితే సరిపోదా అనిపిస్తుంది. నల్లరేగడి మాగాణిని తడి మీద దున్నితే ఇటుకల్లాంటి పెళ్లలు లేస్తాయి. ఆరనిచ్చి, దున్ని, పెళ్లలు పగలగొట్టేసరికి రెండు మూడు వారాలు పోతాయి, పదునూ పోతుంది. డిసెంబరు మొదట్లో పడాల్సిన గింజ నెలాఖరుకు గానీ పడదు. దున్నకుండా వేస్తే వరి వేళ్లు కుళ్లి వదిలిన సన్నని దారుల్లోనే మొక్కజొన్న వేళ్లు దిగుతాయి, మోళ్లు తేమను కాపాడతాయి, దుక్కి ఖర్చు మిగులుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న నేలల్లో మాత్రం దున్ని బోదెలు తోలుకోవడమే మేలు. అక్కడ పదును త్వరగా ఆరిపోతుంది, దున్నినా పెళ్లలు లేవవు. జీరో టిల్లేజ్ నల్లరేగడి లాంటి బరువు నేలలకు పుట్టిన పద్ధతి. అన్ని చోట్లా అదే మంచిదని చెప్పడం సరికాదు.

పని వరి కోతకు ముందే మొదలవ్వాలి

వరి కోతకు పది పదిహేను రోజుల ముందు చేలోంచి నీళ్లు తీసేయాలి. కోత యంత్రం తడి చేలోకి దిగితే చక్రాల గాళ్లు అడుగు లోతున పడతాయి. ఆ గాళ్లలో తర్వాత ప్రతి తడికీ నీళ్లు నిలుస్తాయి, ఆ వరుసల్లో మొక్క మిగలదు. ఎకరాకు ఎన్ని గాళ్లు పడ్డాయో చూస్తే ఎంత దిగుబడి పోబోతోందో ముందే చెప్పొచ్చు. కోతను వీలైనంత కిందికి కోయించాలి. యంత్రం వెనక వరుసగా పడే గడ్డిని కట్టలు కట్టించి బయటికి పంపాలి, లేదా సమానంగా పరచాలి. గడ్డి కుప్పల కింద గింజ మొలిచినా వెలుతురు అందక పాలిపోతుంది. ఎలుకలకు అదే ఇల్లు. గడ్డిని తగలబెట్టడం తేలిక దారే గానీ, తేమను ఆపే కప్పు కూడా దాంతోనే పోతుంది.

వరి రకం ఎంపిక కూడా ఈ లెక్కలోకే వస్తుంది. బీపీటీ 5204 (సాంబ మసూరి) కోతకు రావడానికి దాదాపు 150 రోజులు పడుతుంది. నాట్లు ఆలస్యమైన ఏడాది ఆ రకమే వేసి, మొక్కజొన్న కూడా వేస్తానంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. పట్టిసీమ ఎత్తిపోతలతో 2015 నుంచి గోదావరి నీళ్లు కృష్ణా డెల్టాకు ముందుగా అందే వీలు కలిగింది. అలా నాట్లు ముందుపడిన చోట నవంబరు చివరకు చేను ఖాళీ అవుతుంది. ఆలస్యంగా నాటిన చోట డిసెంబరు తుపానుల భయం కూడా ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. అలాంటి చేలు మళ్లీ ఆరి పదునుకు వచ్చేసరికి రోజులు గడిచిపోతాయి.

గింజ వేయడానికి గడువు ఎందుకంటే, కారణం చలి కాదు, ఎండ. ఈ కాలంలో వేసిన పైరు దాదాపు రెండు నెలలకు జల్లు (మొక్క కొసన వచ్చే మగ పూత) వేస్తుంది. డిసెంబరు మొదటి పక్షంలో వేస్తే ఫిబ్రవరిలో పూత, మార్చి నిండా గింజ పాలు పోసుకోవడం. జనవరి మొదటి వారం దాటి వేస్తే పూత మార్చి నడిమికి, పాలు పోసుకునే దశ ఏప్రిల్‌కు జరుగుతుంది. ఎండ 35 డిగ్రీలు దాటిన కొద్దీ పుప్పొడి బలం తగ్గుతుంది, కండె కొసన పుప్పొడిని పట్టే పీచు త్వరగా ఆరిపోతుంది, కండె చివర బోడిగా మిగులుతుంది. కాల్వ నీళ్లు కూడా అప్పటికి అనుమానమే. కాబట్టి జనవరి మొదటి వారం దాటితే మొక్కజొన్న ఆలోచన మానుకోవడం మంచిది. జొన్న ఆ ఎండను ఇంతకంటే బాగా తట్టుకుంటుంది.

పక్క చేను మాట

ఒక రైతు అన్నీ సరిగ్గా చేసినా పంటను ముంచగలిగేది పక్కవాడి దాళ్వా (రబీ) వరి. పై చేలో దాళ్వా వేసి నీళ్లు నిలిపితే గట్టు కింద నుంచి ఊట దిగి పక్క చేలో నాలుగైదు వరుసలు ఎప్పుడూ చిత్తడిగానే ఉంటాయి. కాబట్టి ఒక పిల్ల కాల్వ కింద రైతులంతా ఏది వేస్తారో నవంబరులోనే కూర్చుని తేల్చుకోవాలి. మొక్కజొన్న వేసే చేలన్నీ ఒకే పట్టీగా ఉంటే మురుగు ఒకే దారిన పోతుంది, తడి వంతులు కుదురుతాయి, అడవి పందులు, ఎలుకల కాపలా కలిసి చేసుకోవచ్చు. విడివిడిగా ముగ్గురికి విత్తన సంచులిచ్చే కంటే, ఒకే చోట ముప్పై ఎకరాలకు మురుగు బోదె తవ్వించడం నిజమైన సాయం.

అందరితో ఒప్పందం కుదరకపోతే, వరి చేను వైపు గట్టు వెంట లోపలి పక్క అడుగున్నర లోతు, అడుగు వెడల్పు బోదె తీసి, పల్లపు మూల నుంచి మురుగు కాల్వలోకి వదలాలి. చేను పొడవుగా ఉంటే అడ్డంగా కూడా ఎనిమిది పది మీటర్లకు ఒక బోదె ఉండాలి. దీనివల్ల పోయే నేల కొద్ది పాటిదే. లేకపోతే పోయేది అంతకంటే చాలా ఎక్కువ.

గుంత, గింజ, మొక్కల లెక్క

వరికి పిలకలు వస్తాయి, ఖాళీలు అవే పూడిపోతాయి. మొక్కజొన్నకు ఆ సౌకర్యం లేదు. మొలవని గింజ అంటే పోయిన కండె. వరి రైతుకు ఇది అలవాటు లేని లెక్క, అందుకే విత్తే రోజు తొందరపడిపోతారు.

వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు దాదాపు 33,000 గుంతలు పడతాయి. ఎకరాకు 8 కిలోల విత్తనం సరిపోతుంది. వంద గుంతలకు 85 మొక్కలు కండె దాకా నిలిస్తే 28,000 కండెలు. కండెకు 125 గ్రాముల గింజ చొప్పున 35 క్వింటాళ్లు. ఇందులో మొక్కలు 85 నుంచి 65కు పడితే, మిగతా అన్నీ బాగున్నా 27 క్వింటాళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఖాళీల పక్కనున్న మొక్క కాస్త పెద్ద కండె వేస్తుంది గానీ ఆ లోటు తీరదు.

పదును చూసుకోవడం ఇలా: చేలో నడిస్తే పాదం అచ్చు పడాలి, కానీ బురద అంటకూడదు. తడి ఎక్కువున్నప్పుడు పుల్ల గుచ్చితే గుంత గోడ నున్నగా మెత్తుకుపోయి గిన్నెలా మారుతుంది. అందులో నీరు ఊరి గింజ కుళ్లుతుంది. మరీ ఆరిన తర్వాత గుచ్చితే గుంత మూసుకోదు, గింజ మట్టిని తాకదు, కాకులు, ఎలుకలు ఏరుకుపోతాయి. రెండింటి మధ్య ఉండే వ్యవధి బరువు నేలల్లో నాలుగైదు రోజులే. ఆ నాలుగైదు రోజుల్లో కూలీలు దొరక్క ఎండిన నేలలో వేసి, తర్వాత తడి పెట్టి మొలిపించాలనుకోవడం తరచూ జరిగే పొరపాటు. మొలవని గింజ మీద నీళ్లు నిలిస్తే సగం లేవదు.

20 సెంటీమీటర్లకు ఒక ముడి వేసిన తాడు పట్టుకుని, కర్రతో 3 నుంచి 4 సెంటీమీటర్ల లోతు గుంతలు తీసి గుంతకు ఒక గింజ వేస్తారు. మేకులున్న చక్రాన్ని దొర్లిస్తే గుంతలు చకచకా పడతాయి. గింజ మీద పొడి మట్టి గానీ మాగిన ఎరువు గానీ వేసి మూయాలి. ట్రాక్టరుకు తగిలించే జీరో టిల్ డ్రిల్లు పని త్వరగా చేస్తుంది, కానీ గడ్డి పరిచి ఉన్న చేలో దాని పళ్లకు గడ్డి చుట్టుకుంటుంది, వరుసల్లో చాళ్లు మూసుకోవు. అద్దె యంత్రం వచ్చిందని గడ్డి తీయకుండానే నడపనివ్వకూడదు. ఎనిమిదో రోజుకు వరుసలు తిరిగి చూసి, నానబెట్టిన గింజలతో ఖాళీలు పూరించాలి. పదో రోజు దాటాక వేసిన గింజ పెద్ద మొక్కల నీడలో గొడ్డుపోతుంది.

రకాల్లో ఎక్కువగా ప్రైవేటు కంపెనీల సంకర రకాలే నడుస్తున్నాయి. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ మొక్కజొన్న పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన డీహెచ్ఎం 117 ఉంది. ఏ సంకర రకమైనా పండిన గింజను మళ్లీ విత్తనంగా వాడితే దిగుబడి పడిపోతుంది.

మోళ్లు మళ్లీ చిగురిస్తే

కోసిన వరి దుబ్బులు తడి తగలగానే చిగురిస్తాయి. రాలిన వడ్లు మొలుస్తాయి. దున్నలేదు కాబట్టి వీటిని ఆపేది మందే. విత్తిన 48 గంటల్లోపు ఎకరాకు అట్రజిన్ 50 శాతం పొడి మందు బరువు నేలల్లో కిలో నుంచి 1,200 గ్రాములు (తేలిక నేలల్లో 800 గ్రాములు), దాంతో పాటు పారాక్వాట్ 24 శాతం ద్రావకం ఒక లీటరు, 200 లీటర్ల నీటిలో కలిపి నేలంతా తడిసేలా కొడతారు. పారాక్వాట్ తగిలిన పచ్చదాన్ని మాడుస్తుంది, అట్రజిన్ నేలలో ఉండి కొత్త కలుపును ఆపుతుంది. మొక్కజొన్న మొలక పైకి కనిపించిన తర్వాత పారాక్వాట్ వాడకూడదు. మనిషి లోపలికి వెళితే దానికి విరుగుడు లేదు. చేతి తొడుగులు, మాస్కు, గాలి వాటం చూసుకోవడం ఇక్కడ తప్పనిసరి. ఖాళీ డబ్బాను ఇంటికి తేకూడదు.

చాలామంది మరిచేది ఇంకొకటి ఉంది. అట్రజిన్ వేసిన చేలో మొక్కజొన్న పోతే ఆ కాలంలో అక్కడ మినుము, పెసర, నువ్వు వేయడానికి ఉండదు. మొలిచినా మాడిపోతాయి. పక్కన మినుము చేను ఉంటే గాలి అటు వీస్తున్నప్పుడు పిచికారీ చేయకూడదు.

తర్వాత వచ్చే కలుపుకు 20 నుంచి 25 రోజుల మధ్య, కలుపు మూడు నాలుగు ఆకుల మీద ఉండగా టెంబోట్రయాన్ 34.4 శాతం ఎకరాకు 115 మిల్లీలీటర్లు గానీ టోప్రమెజోన్ 33.6 శాతం 30 మిల్లీలీటర్లు గానీ కొట్టొచ్చు. తుంగ మాత్రమే సమస్యయితే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం 36 గ్రాములు. ఇవి పదునున్న నేలలోనే పనిచేస్తాయి.

ఎరువు: ఎంత కన్నా ఎక్కడ, ఎప్పుడు

ఎకరాకు 96 కిలోల నత్రజని, 32 కిలోల భాస్వరం, 32 కిలోల పొటాష్ సిఫారసు. వినడానికి పెద్దవిగా ఉన్నా బస్తాల్లో చెప్పుకుంటే సులువే: 70 కిలోల డీఏపీ (భాస్వరంతో పాటు కొంత నత్రజని ఇచ్చే ఎరువు), నాలుగు బస్తాల యూరియా (45 కిలోలవి), 53 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. డీఏపీ మొత్తం, పొటాష్ సగం, యూరియా 25 కిలోలు విత్తేటప్పుడే. మిగిలిన యూరియాను 25 - 30, 45 - 50, 60 - 65 రోజుల్లో మూడు సమ భాగాలుగా వేయాలి. ఒక్కోసారి 52 కిలోలు పడుతుంది. మిగతా సగం పొటాష్ జల్లు వేసే ముందు తడికి వెళ్లాలి.

వరి తర్వాత భాస్వరం సంగతి తిరకాసుగా ఉంటుంది. నీళ్లు నిలిచినప్పుడు నేలలోని ఇనుము కరిగి భాస్వరాన్ని వదులుతుంది, అందుకే వరికి దాని కొరత కనిపించదు. చేను ఆరి గాలి తగిలేసరికి అదే ఇనుము భాస్వరాన్ని పట్టేసుకుంటుంది. డిసెంబరు చలికి వేళ్లు కూడా మెల్లగా నడుస్తాయి. ఫలితంగా లేత మొక్కల ఆకులు ఊదా రంగుకు తిరుగుతాయి. తెగులనుకుని మందు కొడితే డబ్బు దండగ. దీన్ని ఆపాలంటే డీఏపీని పైన చల్లకుండా గింజకు 5 సెంటీమీటర్ల పక్కన వేరే గుంతలో వేయాలి. గింజను తాకితే మొలక మాడుతుంది. కూలీ రెట్టింపవుతుందని చాలామంది చల్లేస్తారు. భాస్వరం నేలలో కదలదు కాబట్టి చల్లినది పైపొరలోనే ఉండిపోతుంది, వేరుకు అందదు.

ఆకు మొదట్లో ఈనెకు రెండు వైపులా తెల్లని పట్టీలు వస్తే అది జింకు లోపం. మాగాణుల్లో ఇది మామూలు. మూడు పంటలకొకసారి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ నేలకు వేయాలి, డీఏపీతో కలపకూడదు. లోపం కనిపించాకైతే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున వారం వ్యవధిలో రెండుసార్లు ఆకుల మీద కొట్టాలి.

తొలి మూడు వారాల్లో చేనంతా లేత పసుపుగా ఉండటానికి ఇంకో కారణం వరి మోళ్లే. అవి కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి. విత్తేటప్పుడు ఆ 25 కిలోల యూరియా ఎగ్గొట్టకూడదనడం ఇందుకే. యూరియాను ఎండిన నేల మీద చల్లి నీళ్లు పెడితే పగుళ్లలోకి కొట్టుకుపోతుంది, నీళ్లు నిలిచిన చోట గాలిలో కలిసిపోతుంది. తడి పెట్టి, కాలు దిగకుండా ఆరిన రోజు సాయంత్రం మొక్క పక్కన గుంతలో వేసి మట్టి కప్పితే అదే బస్తాకు ఎక్కువ పని ఉంటుంది.

నీళ్లు: తక్కువ చాలు, వేళకు కావాలి

వరికి పెట్టే నీటిలో సగం లోపే ఈ పంటకు చాలు. బరువు నేలల్లో నాలుగైదు తడులతో పండుతుంది. ఒక తడికి 50 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరాకు రెండు లక్షల లీటర్లు. సెకనుకు పది లీటర్లు పోసే ఇంజను అయిదున్నర గంటలు నడవాలి. డీజిలు ఎంతో, వంతుకు ఎన్ని రోజులు పడుతుందో దీన్నిబట్టి ముందే వేసుకోవచ్చు.

మొదటి తడి తొందరపడకూడదు. పదునులో మొలిచిన చేనుకు మూడు వారాలు నీళ్లు అక్కర్లేదు. వేళ్లు కిందికి దిగేది ఆ రోజుల్లోనే. అలాగని నేల పగుళ్లిచ్చేదాకా ఆగితే వేళ్లు తెగుతాయి, పెట్టిన నీళ్లన్నీ పగుళ్లే తాగి ఆ చివరకు చేరవు. వెంట్రుక మందం పగులు కనిపించినప్పుడు, అంటే దాదాపు 20 నుంచి 25 రోజులకు, మొదటి తడి. మోకాలి ఎత్తు, జల్లు, పీచు, పాలు పోసుకునే దశ: తర్వాతి తడులు వీటి వేళకు పడాలి. పీచు వచ్చే వారంలో చేను ఎండితే ఆ నష్టాన్ని తర్వాత ఏ తడీ పూడ్చలేదు. చిన్న చిన్న మడులుగా గట్లు వేసి, పల్లపు మూల తెరిచి ఉంచి, పెట్టిన నీళ్లు అదే రోజు బయటికి పోయేలా చూడాలి. చేను నిండా నీళ్లు కనిపిస్తే తృప్తిపడటం వరి రైతుకు సహజం. ఇక్కడ ఆ కన్ను మార్చుకోవాలి.

పూత తర్వాత నీటి ఎద్దడి పడిన చేలకు మసి కుళ్లు వస్తుంది. మొక్క నిలువునా ఎండుతుంది, కాండం చీల్చితే లోపల మసి పూసినట్టు నల్లని పొడి. వచ్చాక మందు లేదు. పూత నుంచి గింజ గట్టిపడే దాకా నేలలో తేమ తగ్గకుండా చూడటం, పొటాష్ వేయడం, ఏటా అదే చేలో మొక్కజొన్న వేయకపోవడం, ఇవే దారులు.

పురుగుల్లో రెండే పెద్దవి

కత్తెర పురుగు 2018లో కర్ణాటకలో కనిపించి అదే ఏడాది తెలుగు రాష్ట్రాలకు వచ్చింది. తల మీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు దాని ఆనవాలు. సయాంట్రానిలిప్రోల్, థయోమిథాక్సామ్ కలిసిన విత్తనశుద్ధి మందు కిలోకు 4 నుంచి 6 మిల్లీలీటర్లు పట్టిస్తే మొదటి రెండు మూడు వారాలు కాపాడుతుంది. తర్వాత వారానికి రెండుసార్లు చేను చూడాలి. మొదటి మూడు వారాల్లో నూటికి అయిదు మొక్కల మీద, ఆ తర్వాత పది మొక్కల మీద తాజా గాట్లు కనిపిస్తే మందు కొట్టాలి: ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం లీటరుకు 0.4 గ్రాములు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం 0.4 మిల్లీలీటర్లు. రెండోసారి అదే మందు కాకుండా మార్చాలి. పురుగు ఆకు సుడిలో కూర్చుంటుంది కాబట్టి నాజిల్ సుడిలోకి దించి, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కొట్టాలి. ఆకుల పైనుంచి కొట్టుకుంటూ పోతే పురుగుకు తగలదు. సుడి రంపపు పొట్టులాంటి విసర్జనతో నిండిపోయి పెద్ద పురుగులున్నప్పుడు విషపు ఎర పనిచేస్తుంది: పది కిలోల తవుడు, రెండు కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్లు కలిపి ఒక రోజు పులియబెట్టి, వేసే అరగంట ముందు వంద గ్రాముల థయోడికార్బ్ కలిపి, చిన్న ఉండలు సుడుల్లో వేయాలి. ఆ మొక్కలను పశువులకు మేపకూడదు.

గులాబీ రంగు కాండం తొలుచు పురుగు వరి మోళ్లలోనూ బతుకుతుంది, కాబట్టి జీరో టిల్లేజ్ చేలో దానికి వెతుక్కోవాల్సిన పని లేదు. మొలిచిన 10 - 12 రోజులకు క్లోరాంట్రానిలిప్రోల్ 0.3 మిల్లీలీటర్లు కొట్టాలి. మొవ్వు చనిపోయాక కొడితే లాభం లేదు, పురుగు అప్పటికే కాండంలో ఉంటుంది.

తేమ, తూకం, ధర

గింజ కండెకు అంటుకునే చోట నల్లని పొర ఏర్పడితే గింజ ఎదగడం ముగిసినట్టు. అప్పటికి తేమ ఇంకా 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది. 20 శాతం పైన ఉండగా యంత్రంతో నూర్పిస్తే గింజ పగులుతుంది. పగుళ్లలోంచే బూజు లోపలికి వెళుతుంది. దాణా మిల్లులు పట్టించుకునేది ముఖ్యంగా ఈ బూజునే. ఆస్పర్జిల్లస్ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ కోళ్ల కాలేయాన్ని పాడుచేస్తుంది. దాణాలో దాని హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములు, అంత సూక్ష్మమైనది కంటికి దొరకదు. ఎండబెట్టిన గింజను తిరిగి తడవనివ్వకపోవడమే మందు. ఏప్రిల్ ఎండలో పట్టాల మీద రెండు మూడు అంగుళాల మందాన పరిచి, గంట గంటకూ తిరగేస్తే మూడు నాలుగు రోజుల్లో 14 శాతానికి దిగుతుంది. మట్టి కళ్లం మీద, రోడ్డు మీద ఆరబోసిన గింజకు రాళ్లు, దుమ్ము తోడవుతాయి.

2025-26కు కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు, అది 14 శాతం తేమ మీద. 20 శాతం తేమతో అమ్మితే ఎంత న్యాయం? 100 కిలోల్లో పొడి పదార్థం 80 కిలోలు. 14 శాతం గింజలో 86. కాబట్టి 2,400ను 80తో గుణించి 86తో భాగిస్తే దాదాపు 2,232 రూపాయలు. ఆరబెట్టే ఖర్చు దానిలోంచి తీసేస్తే వచ్చేదే నికరమైన బేరం. వ్యాపారి తేమ పేరుతో అంతకంటే చాలా కిందికి అడిగితే ఆరబెట్టి అమ్మడం లాభం, దగ్గరదగ్గరగా ఇస్తే చేలోనే అమ్మేయడం లాభం, ఎందుకంటే ఏప్రిల్లో అకాల వాన ఎప్పుడైనా రావచ్చు. ఈ లెక్కకు కావాల్సింది ఊరికొక తేమ మీటరు. రైతు ఉత్పత్తిదారుల సంఘం కొనే మొదటి పరికరం అదే అయితే బాగుంటుంది. వ్యాపారి మీటరు, రైతు చేతి అంచనా మధ్య నడిచే గొడవలో ఓడిపోయేది ఎప్పుడూ చేతి అంచనాయే.

ప్రభుత్వ కొనుగోలు జరిగే ఏడాది దానికి ఈ-పంట నమోదు (ఎవరు ఏ చేలో ఏ పంట వేశారన్న ప్రభుత్వ రికార్డు) ఉండాలి. డెల్టాలో సాగు చేసేవాళ్లలో చాలామంది కౌలు రైతులు. కౌలు రైతుకిచ్చే పంట సాగుదారు హక్కు పత్రం కావాలంటే భూ యజమాని సంతకం కావాలి, యజమాని దానికి జంకుతాడు. నమోదు సార్వా వరికి జరిగి, రెండో పంటకు ఎవరూ పట్టించుకోని చోట కౌలు రైతు గింజ చివరకు దళారి చేతికే పోతుంది. రైతు సేవా కేంద్రం సిబ్బంది జనవరిలో, పైరు మోకాలి ఎత్తున ఉండగానే చేలు తిరిగి నమోదు పూర్తిచేయాలి. ఏప్రిల్లో అమ్మకానికి వెళ్లినప్పుడు పత్రాల కోసం వెతికితే అప్పటికే గింజ బస్తాల్లో ఉంటుంది, కౌలు గడువు ముంచుకొచ్చి ఉంటుంది, ధర అడిగే ఓపిక రైతుకు ఉండదు.